కాలు పెట్టక్కర్లేని మిషను

కాలు పెట్టక్కర్లేని కుట్టు మిషను ఒకటి వచ్చిందని నాకు మొదట కబురు తెచ్చింది నిర్మల. జనక్‌పురిలో మా బొటిక్ గుమ్మం ముందు రిక్షా ఇంకా పూర్తిగా ఆగనేలేదు, లోపలికి కేక వినబడింది. రోజూ అయితే ముందు చంకకర్రలు దింపి, తర్వాత సంచీ దింపి, ఆఖర్న తను దిగేది. ఆ రోజు అన్నిటికన్నా ముందు కబురు దిగింది.

"అక్కా, సచ్ చెప్తున్నా, నీ మీద ఒట్టు. బటన్ నొక్కితే కుడుతోంది. కింద ఏం లేదు. నేను వంగి మరీ చూశా. కింద ఏం లేదు!"

హుక్కులూ దారాలూ కొనడానికి తిలక్ నగర్ బజారుకి వెళ్లిందట. ఒక దుకాణంలో కంప్యూటర్ మిషను పెట్టి చూపిస్తున్నారట. దుకాణదారు పచ్చ బటన్ నొక్కి, చేతులు కట్టుకుని నిలబడ్డాడట. మిషను తనంతట తనే కుట్టుకుంటూ పోయిందట. నిర్మల అక్కడే ఎంతసేపు నిలబడిపోయిందో, కొనాల్సిన హుక్కులు కొనకుండా వచ్చేసింది. మా యజమానురాలు వీణా మేడమ్ హుక్కులేవని అడిగితే మా ఇద్దరికీ నవ్వాగలేదు.

కుట్టుపనిలో నా జీవితమంతా గడిపి, పోయిన ఏడాది విశ్రాంతి తీసుకున్నాను. ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మన తెలుగు పిల్లలు నన్ను అడిగేది ఒకటే. ఆంటీ, పాత మిషను కొనాలా, కంప్యూటర్ మిషను కొనాలా? ఒక్క మాటలో చెప్పమంటారు. నాకు ఒక్క మాటలో చెప్పడం రాదు. నిర్మల సంగతి చెబుతాను, జవాబు అందులోనే ఉంది. జీతాలూ, పెరగడాలూ, ఎవరు ఎవరికన్నా సీనియరు అన్న గొడవలూ ఇక్కడ రాయను. వాటివల్ల నేనేమీ నేర్చుకోలేదు.

ముందు కాలు, తర్వాత చెయ్యి

మా నాన్నగారు గోదావరి కాలవ మీద లాకుల దగ్గర ఉద్యోగం చేసేవారు. ఇల్లు గట్టు మీద, బడి ఎక్కడో అవతల. అందుకని నేను బడికి వెళ్లలేదు. మా మేనత్త సుభద్రమ్మగారే నా బడి. బట్ట మీద గీతలు గీసే సుద్దతోనే నాకు అక్షరాలు దిద్దించింది. జాకెట్టు కొలతలతో లెక్కలు చెప్పింది. పొద్దున్నే అమ్మవారి నామాలు చదివించి, ఆ తర్వాత మిషను దగ్గర కూర్చోబెట్టేది. ఇంత మంచి బడి ఎవరికి దొరుకుతుంది? ఆ తల్లికి నేను రోజూ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

ఆవిడది నల్లటి కాలి మిషను. దాని మీద బంగారు రంగు తీగలూ పువ్వులూ ఉండేవి. ముందు సూది తీసేసి ఉత్తినే తొక్కించేది. చక్రం ఒక్కసారి వెనక్కి తిరిగినా సరే, మళ్లీ మొదటినుంచి. అది వచ్చాక సూది పెట్టి, దారం లేకుండా, పాత కాగితాల మీద గీతల వెంబడి కుట్టించేది. కాగితం నిండా చిల్లులు. దాన్ని వెలుతురుకి పట్టుకుని చూసి, నా కాలు ఎక్కడ తడబడిందో చెప్పేది. "ముందు కాలు నేర్చుకోవాలే. చెయ్యి దాని వెనకాల అదే వస్తుంది" అనేది.

ఆవిడ దగ్గర ఇంకో ఆచారం ఉండేది. దసరా నాడు మిషనుకి పసుపు రాసి, బొట్లు పెట్టి, హారతి ఇచ్చాక, మొదటి కుట్టు కళ్లు మూసుకుని వేయాలి. అమ్మవారి పేరు తలుచుకుంటూ నాలుగు కుట్లు, అంతే. ఆ మొదటి కుట్టు అమ్మవారిదట. మన కన్ను దాని మీద పడకూడదు, వంకరగా వచ్చినా దాన్ని విప్పకూడదు. చిన్నప్పుడు నేను వేసిన మొదటి కుట్లన్నీ వంకరే. అవన్నీ దిండుగలీబుల మూలల్లో అలాగే ఉండేవి. అత్తయ్య వాటిని చూసి మురిసిపోయేది.

పెళ్లయి ఢిల్లీ వచ్చినప్పుడు ఆ ఆచారాన్ని కూడా వెంట తెచ్చుకున్నాను.

కుర్చీ, దరీ

మా బొటిక్ ఒక ఇంటి కింది వాటాలో ఉండేది. కిటికీల వైపు వరసగా మిషన్లు, వాటి ముందు కుర్చీలు. గోడ వైపు నేల మీద పెద్ద దరీ, అంటే మన జంపఖానా. కుర్చీలో కూర్చున్నవాళ్లు కుట్టేవాళ్లు. దరీ మీద కూర్చున్నవాళ్లు హుక్కులు, కాజాలు, చీర ఫాల్సు, అంచు మడత, అంటే చేతిపని. ఈ తేడా ఏ బోర్డు మీదా రాసి ఉండదు గానీ ఈ వృత్తిలో కాలు పెట్టిన రోజునే తెలిసిపోతుంది. టీ కూడా ముందు కుర్చీలకి వచ్చేది.

నిర్మల దరీ మీద కూర్చునేది. వాళ్ల నాన్న పాలకొల్లు వైపు నుంచి వంటపని మీద ఢిల్లీ వచ్చినాయన. నిర్మల ఇక్కడే పుట్టింది. చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. తెలుగు మాట్లాడితే మధ్యలో హిందీ జీడిపప్పులాగా తగులుతూ ఉంటుంది. చేతికుట్టులో ఆమెకు సాటి నేను చూడలేదు. ఆమె మడిచి కుట్టిన అంచుకి పైనుంచి చూస్తే కుట్టే కనబడదు.

అంత చెయ్యి ఉండి నీకు మిషను ఎందుకే అని అందరూ అనేవాళ్లు. నేనూ అన్నాను. అప్పుడు తను తల పైకెత్తకుండా, కాజా కుడుతూనే చెప్పింది.

"నేను ఎప్పుడూ ముగించడమే కదా అక్కా. ఎవరో మొదలుపెడతారు, నేను ముగిస్తా. ఒక్కసారి, బస్, ఒక్కసారి చాలు, నేను మొదలుపెట్టాలి."

ఆ మాట నన్ను పట్టుకుంది. దాని కోసం మేము పడ్డ పాట్లు తలుచుకుంటే ఇప్పటికీ ఒంటరిగా నవ్వుకుంటాను. చేతి మిషను తెచ్చి చూశాం. ఒక చెయ్యి చక్రానికే పోతుంది, ఇంకో చేత్తో జారే పట్టుని ఎలా పట్టేది? పక్కన కూర్చుని చక్రం నేను తిప్పాను. ఇద్దరికీ ఎప్పుడూ కుదరలేదు, నేను ఆపితే తను లాగేది, తను ఆపితే నేను తిప్పేదాన్ని. తర్వాత మోటారు మిషను పెడలు బల్ల మీద పెట్టి, మోచేత్తో నొక్కి చూసింది. మోచేతికి నెమ్మది తెలియదు కదా. మిషను ఒక్క ఊపున లేచింది. జాకెట్టు చెయ్యి కుట్టడానికి మొదలెట్టిన కుట్టు మెడ దాటి, వీపు దాటి, బల్ల గుడ్డని కూడా కలుపుకుని పోయింది. "ఇది జాకెట్టా, పానిపట్టు బస్సా?" అన్నారు వీణా మేడమ్. నిర్మల ఆ జాకెట్టుని విప్పుతూ మా అందరికన్నా ఎక్కువ నవ్వింది. కానీ విప్పడం అయ్యాక మళ్లీ దరీ మీదికి జరిగి, హుక్కుల డబ్బా దగ్గరికి లాక్కుంది.

పాతది, కొత్తది

పిల్లలు అడిగేదానికి ఇక్కడ నా అభిప్రాయం చెప్పేస్తాను.

పాత మిషను దగ్గర చెవి పెరుగుతుంది. దారం బిగుతు ఎక్కువైతే ఒక చప్పుడు, సూది మొద్దుబారితే ఇంకో చప్పుడు, కింద డబ్బీలో దారం అయిపోవస్తుంటే మరో రకం. నూనె వేసిన రోజు మిషను ఎంత హాయిగా తిరుగుతుందో, తలంటు పోసుకున్న పసిపిల్లలా ఉంటుంది. ఏం పాడైనా విప్పి చూడొచ్చు. దుమ్ము తీసి, నూనె వేసి, బెల్టు కొంచెం కత్తిరించి బిగిస్తే చాలా జబ్బులు పోతాయి. మందపాటి బట్టకి, పరదాలకి, జీన్స్ కాళ్లకి దాన్ని మించింది లేదు.

కొత్త మిషను అలా విప్పనివ్వదు. ఏదైనా తేడా వస్తే కీచుమని అరిచి, తెర మీద ఏదో చూపిస్తుంది. అది చదవాలి. చదివినా అర్థం కాకపోతే మనిషి రావాలి. కానీ అది వేసే కాజా చూశారా? ఒకటి ఎలా ఉంటే మిగిలినవన్నీ అలాగే. సూదిలో దారం తనే ఎక్కించుకుంటుంది. నా వయసు వాళ్లకి ఆ ఒక్కటి చాలు, కనిపెట్టినవాళ్లకి దేవుడు మేలు చేయాలి!

మొదట పాతదాని మీద నేర్చుకోండి, తర్వాత కొత్తదాని మీద పనిచేయండి అని అందరికీ చెబుతూ వచ్చాను. మా అత్తయ్య మాట కూడా అదే కదా, ముందు కాలు. ఇప్పటికీ చాలామందికి అదే చెబుతాను. అందరికీ మాత్రం చెప్పను.

వీణా మేడమ్ షరతు

వీణా మేడమ్ గురించి ఒక మాట చెప్పాలి. ఆవిడ కోపం పాలపొంగు. పైకి వస్తుంది, పొయ్యి చుట్టూ చిందుతుంది, రెండు నిమిషాల్లో టీ అయి మన చేతికే వస్తుంది. ఆవిడ దగ్గర నేను నేర్చుకున్నదేమంటే, అరిచే యజమానిని భరించవచ్చు, కాసేపాగి మళ్లీ మాట వినేవాళ్లయితే.

నిర్మల కబురు తెచ్చిన రోజు నుంచి నేను ఆవిడ వెంటపడ్డాను. ఆవిడ కాదని, చూద్దామని, బుర్ర తినకు లక్ష్మీ అని, ఆఖరికి ఒకనాడు ఎవరికీ చెప్పకుండా ఆ దుకాణం నుంచి మిషనుని కొన్నాళ్ల పరీక్షకని తెప్పించారు. బట్టలు కుట్టడమే కాదు, ఎంబ్రాయిడరీ కూడా వేస్తుందది. బల్ల మీద తెల్లగా, కొత్త ఫ్రిజ్జులాగా కూర్చుంది. దాని ముందు కుర్చీలో నిర్మలని కూర్చోబెట్టాం. అందరం చుట్టూ చేరాం. నిర్మల మిషనుని తాకి కళ్లకద్దుకుని పచ్చ బటన్ నొక్కింది.

మిషను కదల్లేదు. మళ్లీ నొక్కింది. లేదు. మేడమ్ నొక్కారు, నేను నొక్కాను, మా కటింగ్ మాస్టరు బల్ల మీద ఒక చరుపు చరిచాడు. నిర్మల మొహం చూడలేకపోయాను. మేడమ్ దుకాణానికి ఫోను తీశారు, పాడు మిషను అంటగట్టారని అరవడానికి. ఈలోగా ఊడ్చే రాధ వచ్చి, జరగండి దీదీ అంటూ బల్ల కింద చీపురు పెట్టి లాగింది. చీపురుకి పెడలు వైరు తగులుకుని ఊడి వచ్చేసింది. నిర్మల వేలు ఇంకా బటన్ మీదే ఉంది. మిషను ఒక్కసారిగా టకటకమంది!

కాలి పెడలు వైరు తగిలించి ఉంటే చేతి బటన్ పనిచేయదట. ఎవరికి తెలుసు? కాలు తీసేస్తేనే చెయ్యి నడుస్తుందన్నమాట. మా అత్తయ్య ఉంటే ఏమనేదో! రాధకి ఆ రోజు కుర్చీల కన్నా ముందు టీ ఇచ్చాం.

ఆ వారంలోనే సిరీష వచ్చింది. మాకు ఎప్పటినుంచో తెలిసిన అమ్మాయి, గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వాళ్ల అపార్టుమెంటుల్లో మన తెలుగువాళ్లంతా కలిసి దసరా వెళ్లాక వచ్చే ఆదివారం శ్రీనివాస కల్యాణం చేయిస్తున్నారట. స్వామివారి పట్టువస్త్రానికి అంచు వెంట శంఖచక్రాలు వేయాలి. పసుపు రంగు పట్టు, వాళ్ల ఊళ్లో చెప్పి నేయించింది, అలాంటిది మరొకటి లేదు. ఆంటీ, మీ చేతుల్లో పెడుతున్నా అంది.

మేడమ్ వస్త్రాన్ని చూశారు, మిషనుని చూశారు, నిర్మలని చూశారు. ఆవిడ హిందీలో చెప్పిన దాన్ని నా తెలుగులో రాస్తున్నాను.

"ఇది దాని మీదే వేయండి. నిర్మల వేస్తుంది. బాగా వస్తే మిషను ఇక్కడ, నిర్మల కుర్చీలో. రాకపోతే మిషను దుకాణానికి, నిర్మల దరీ మీదికి. ఆ తర్వాత ఎవరూ నా బుర్ర తినొద్దు."

ఠీక్ హై మేడమ్ అంది నిర్మల. ఆ వెంటనే సాధనకని పాత గుడ్డల మూట దగ్గరికి లాక్కుంది.

బొట్లు

రాబోయే దసరా పూజ కోసం ఆగి, ఆ రోజే శుభమా అని స్వామివారి వస్త్రం మొదలుపెడదామని నేనే అన్నాను. నిర్మల అంతకుముందు చాలా రోజులు పాత గుడ్డల మీద శంఖాలూ చక్రాలూ వేసి వేసి సిద్ధమైంది. దసరా పొద్దున్నే పట్టుని ఫ్రేములో బిగించింది. జరీ రంగు దారం ఎక్కించింది. తెర మీద శంఖచక్రాల నమూనా తెచ్చి పెట్టింది. మిషనుకి సూది దగ్గర చిన్న లైటు వెలుగుతుంది. అది దీపంలా బాగుంది, పూజ అయ్యేదాకా ఆర్పకండి అన్నాను. కాబట్టి మిషను ఆన్‌లోనే ఉంది.

పాత మిషన్లకి బొట్లు పెట్టడానికి చోటు ఎక్కువ. చక్రానికి, బల్లకి, మెడకి. కొత్తదానికి మొహం ఎక్కడుంది? తెర ఒక్కటే మొహంలా కనబడింది. నేను పసుపు రాసి, మధ్యలో కుంకుమ బొట్టు పెట్టాను. నా తర్వాత వరసగా అందరూ పెట్టారు. రాధ మూడు వేళ్లతో పెట్టింది. మేడమ్ వాళ్ల పద్ధతిలో కింది నుంచి పైకి పొడుగ్గా తిలకం దిద్ది, దాని మీద అక్షతలు అద్దారు. మా కటింగ్ మాస్టరు ఇక్బాల్ భాయ్ తన వంతుగా గులాబీ ఒకటి తెచ్చి తెర మీద ఆనించి వెళ్లాడు. పూర్తయ్యేసరికి తెర కనబడటం లేదు. మొహం నిండా పసుపూ కుంకుమా పువ్వులతో పెళ్లికూతురులా ఉంది.

ఆ తెర వేలు తగిలితే పనిచేసే తెర అన్న సంగతి మాకందరికీ తెలుసు. నిర్మల రోజూ వేలితోనే కదా నొక్కుతోంది. బొట్టు పెట్టేటప్పుడు కూడా అది వేలేనన్న ఆలోచన ఒక్కరికి రాలేదు!

బాతులు

హారతి ఇచ్చాను. నిర్మల కుర్చీలోకి జరిగింది. మొదటి కుట్టు ఆచారం మా బొటిక్‌లో అందరికీ తెలుసు. "లక్ష్మీ దీదీ వాలీ పూజ" అంటారు. అందరం కళ్లు మూసుకున్నాం. నేను అమ్మవారి నామాలు అందుకున్నాను. నిర్మల పచ్చ బటన్ నొక్కింది.

కాలి మిషనైతే నాలుగు కుట్లు పడగానే కాలు ఆగిపోతుంది, కళ్లు తెరుచుకుంటాయి. దీనికి కాలు లేదు. ఎవరూ ఆపలేదు. నాకేమో నామాల్లో ఆనందం వచ్చేసింది. ఇన్నాళ్లకి నిర్మల మొదలుపెడుతోంది అన్న సంతోషంలో, నాలుగు నామాలు చదవాల్సినదాన్ని అష్టోత్తరమంతా చదివాను. మిషను కూడా నాతో పాటు టకటకమని నడుస్తోంది. చప్పుడు కాస్త గెంతుతున్నట్టుంది అనిపించింది. శంఖం గుండ్రంగా తిరగాలి, ఇదేంటి ఇలా గంతులేస్తోంది అనుకున్నాను. కానీ కళ్లు తెరవలేదు. ఆఖరి నామం అయ్యే వేళకి మిషను పని ముగించి టింగ్ టింగ్ అని మోగింది. మందిరంలో గంట కొట్టినట్టే ఉందని మేడమ్ చేతులు జోడించారు.

కళ్లు తెరిచాం. స్వామివారి పట్టువస్త్రం అంచు మీద బాతులు.

ఒకదాని వెనక ఒకటి, తోకలు పైకెత్తి, ముక్కులు తెరిచి, చక్కగా నడిచిపోతున్నాయి. చంటిపిల్లల గౌన్ల మీద వేసే బాతులు. ఒకరి బొట్టు వాటిని ఎంచింది, ఇంకొకరి తిలకం వాటిని వరసగా వేయమంది, గులాబీ దానికి సరేనంది కాబోలు.

రాధ ముందు నవ్వింది. నవ్వకూడదని కొంగు నోట్లో కుక్కుకుంది. అది చూసి నాకూ వచ్చేసింది. మేడమ్ ముందు ఎర్రబడ్డారు, తర్వాత ఆవిడ భుజాలు కదలడం మొదలైంది. దేవుడి వస్త్రం, అలాంటిది ఇంకోటి లేని పట్టు, ఆదివారం కల్యాణం, మేమేమో కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నాం. భయంతో వచ్చే నవ్వు అది, ఆగదు.

నిర్మల ఒక్కతే నవ్వలేదు. మెల్లిగా కుర్చీలోంచి దిగింది. దిగి, దరీ మీదికి వెళ్లి కూర్చుంది. అప్పుడు ఆగింది మా నవ్వు.

విప్పేద్దాం అన్నాను. పట్టు మీద విప్పితే చిల్లులు పడతాయి, అది నాకూ తెలుసు, తనకీ తెలుసు. నిర్మల చెయ్యి చాచింది. వస్త్రాన్ని ఒళ్లోకి తీసుకుని చాలాసేపు ఆ బాతులని చూసింది. తర్వాత నా సుద్ద అడిగి తీసుకుని, రెండో బాతు మెడ మీద ఒక గీత గీసింది. గీత పైకి లేచి, వంపు తిరిగింది.

"అక్కా, మెడ పొడుగైతే హంసే కదా?"

దణ్ణం పెట్టాలనిపించింది నాకు. పట్టుచీరల అంచుల మీద హంసలు ఎప్పటినుంచి ఉన్నాయి! నిర్మల సూదిలో దారం ఎక్కించింది. తెరిచి ఉన్న ముక్కు మూసి, దానికి ఒక తామర తూడు పట్టించింది. పైకి లేచిన తోకని రెక్కగా వెనక్కి జార్చింది. మెడని పొడిగించి, నెత్తిన చిన్న తురాయి పెట్టింది. కిటికీ దగ్గర వెలుతురులో దరీ పరిచి, మేమంతా చుట్టూ కూర్చుని దారాలు అందిస్తూ ఉన్నాం. ఒక బాతు హంస అవుతుంటే చూడటం ఎంత సరదా అనుకున్నారు! మిషను వేసిన నున్నటి కుట్టు పక్కన నిర్మల చేతికుట్టు కలిసిపోయి, ఏది ఎక్కడ మొదలైందో తెలియలేదు. మిగిలిన అంచుకి హంసల మధ్య శంఖచక్రాలు మిషను మీదే వేసింది, ఈసారి తెర శుభ్రంగా తుడిచి, కళ్లు రెండూ తెరుచుకుని.

చెప్పాలా వద్దా

మేడమ్ ఇక ఎవరికీ చెప్పొద్దన్నారు. హంసలే కదా, ఎవరడుగుతారు అన్నారు. వ్యాపారం దృష్టితో అది తప్పు మాట కాదు. కానీ వస్త్రం స్వామిది, అడగకముందే మనమే చెప్పాలి అన్నాను. మీరూ ఈ వృత్తిలో ఇది గుర్తుపెట్టుకోండి. బట్ట ఇచ్చినవాళ్లు తర్వాత ఎప్పుడో కనిపెట్టే లోపం కన్నా మనం ముందే చెప్పిన లోపం తేలిగ్గా ఉంటుంది.

సిరీషకి ఫోను చేసి అంతా చెప్పాను. అటువైపు నుంచి ఎక్కిళ్లలాంటి చప్పుడు వినబడింది. ఏడుస్తోందేమో అనుకున్నాను.

"ఆంటీ, ఒక్క నిమిషం, నేను ఆఫీసులో ఉన్నా, గట్టిగా నవ్వలేను. బాతులా? నిజంగా బాతులా?"

తర్వాత మాత్రం నవ్వు ఆపి, వచ్చి చూస్తానని, బాగా లేకపోతే స్వామికి కట్టనని చెప్పింది. న్యాయమే. నిర్మల ఆ రెండు రోజులూ భోజనం సరిగ్గా చేయలేదు. మిషను వచ్చిన దుకాణం వాళ్ల పెట్టె ఇంకా మూలనే ఉంది, మేడమ్ పారేయనివ్వలేదు. నిర్మల కళ్లు ఊరికే ఆ పెట్టె మీదికే పోయేవి.

సిరీష శనివారం తన చిన్నపాపని వెంటబెట్టుకుని వచ్చింది. వస్త్రం విప్పి బల్ల మీద పరిచాం. అంచు వెంట వేలు పెట్టి హంసలని చూసుకుంటూ వెళ్లింది. ఆఖరికి మొట్టమొదటి దాని దగ్గరికి వచ్చేసరికి, తల్లి చంక కిందుగా దూరి చూస్తున్న పాప వేలు పెట్టి చూపించింది.

"మమ్మీ, యే తో డక్ హై."

అందరం వంగి చూశాం. నిజమే. మొట్టమొదటిది బాతే. తోక పైకెత్తి, ముక్కు తెరిచి, అలాగే ఉంది. మేడమ్ నిర్మల వైపు చూసిన చూపు నేను రాయలేను. నిర్మల చంకకర్రల మీద లేచి నిలబడింది.

"అది ఉంచేశాను మేడమ్. భూల్ కర్ కాదు, కావాలనే. మొదటి కుట్టు అమ్మవారిది, మార్చకూడదని అక్క చెప్పింది. ఔర్..." అని ఆగి, తెలుగులోకి వచ్చింది. "నేను మొదలుపెట్టింది అదొక్కటే."

సిరీష ఆ బాతుని చూసింది, నిర్మలని చూసింది. వస్త్రాన్ని మడిచి కళ్లకద్దుకుంది. "ఇది ఇలాగే కడతాం ఆంటీ" అంది. పాప అప్పటికే గంతులు మొదలుపెట్టింది.

కల్యాణం

ఆదివారం మమ్మల్నందరినీ పిలిచారు. మేడమ్ కారులోనే గురుగ్రామ్ వెళ్లాం. అన్ని అంతస్తుల మేడల మధ్య, కింద హాల్లో సన్నాయి వినబడుతుంటే నా కళ్లు చెమర్చాయి. పసుపు పట్టులో స్వామి వెలిగిపోతున్నారు. కుచ్చెళ్లు ఎలా పెట్టారో గానీ బాతు సరిగ్గా పాదాల దగ్గరికి వచ్చింది, తులసి మాల చివర్న, సగం కనబడుతూ. పాప రహస్యం దాచలేదు. పిల్లలందరూ వరసకట్టి, దణ్ణం పెట్టుకుని, వంగి బాతుని చూసి వెళ్లారు. ఆ ఏడాది అంత భక్తిగా వంగిన పిల్లలని నేను ఎక్కడా చూడలేదు! పురోహితులు కూడా వంగి చూసి, స్వామివారి దగ్గరికి ఎవరైనా నడిచి రావచ్చమ్మా అన్నారు.

ఆడవాళ్లు కొందరు హంసల అంచు ఎవరు వేశారని అడిగారు. మేడమ్ నిర్మలని చూపించారు. తిరుగు దారిలో కారు మేడమే నడిపారు. జనక్‌పురి మలుపు దగ్గర, రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా, దరీ మీదికి ఇంకో మనిషిని చూడు లక్ష్మీ, చేతిపని ఎవరు చేస్తారిక అన్నారు. అంతే. వెనక సీట్లో నిర్మల నా చెయ్యి పట్టుకుంది, నొప్పి పుట్టేంత గట్టిగా. మర్నాడు పొద్దున వెళ్లేసరికి మూలనున్న పెట్టె లేదు.

ఇక మీకు

ఇప్పుడు నిర్మల ఢిల్లీ పక్కనే వైశాలిలో వాళ్ల అక్క ఇంటి దగ్గర ఉంటోంది. ముందుగదిలో కంప్యూటర్ మిషను పెట్టుకుని కుడుతుంది, నేర్పుతుంది కూడా. కాళ్లు సాయం చేయని వాళ్లు ఎవరు వచ్చినా ముందు కుర్చీ చూపిస్తుందట. ఆమె కుట్టే ప్రతి కొత్త అంచులోనూ ఎక్కడో ఒక మూల బాతు ఉంటుంది, వెతుక్కోవాలి. దరీ మాత్రం ఇప్పటికీ దగ్గరే ఉంచుకుంది. ముగింపు పని చేత్తోనే చేయాలంటుంది. ఆ మాట నిజమే.

మా అత్తయ్య మిషను నా దగ్గరే ఉంది. ఇప్పటికీ చప్పుడు చక్కగా ఉంటుంది. దసరాకి దానికి ఎక్కడ బొట్టు పెట్టినా ఏమీ అనదు. ఇన్ని మిషన్ల దగ్గర కూర్చోబెట్టి, ఇంతమంది మంచివాళ్లని చుట్టూ పెట్టిన దేవుడికి నేను అడగాల్సింది ఇంకేమీ లేదు.

మిమ్మల్ని మాత్రం ఒకటి అడుగుతాను. కాలి మిషను కొనండి, కంప్యూటర్ మిషను కొనండి, మీ ఇష్టం. కొన్న రోజున కుర్చీలో కూర్చునే ముందు ఒక్కసారి దరీ వైపు చూడండి. అక్కడ ఎవరైనా ఎప్పుడూ ముగిస్తూనే ఉండిపోయారేమో అడగండి. మొదటి కుట్టుకి కళ్లు మూసుకున్నప్పుడు మీ దేవుడి పేరు పక్కన నిర్మల పేరు కూడా ఒక్కసారి తలుచుకోండి.

తలుచుకుని వెంటనే కళ్లు తెరవండి. కొత్త మిషనైతే మరీ తొందరగా.